దీపాల వేళ షికారు

కుక్కను వాకింగ్‌కి ఎలా తీసుకెళ్ళాలో మా బ్లాకులోని తెలుగువాళ్ళందరూ నాకు చెప్పారు. వాళ్ళలో ఒక్కరింట్లోనూ కుక్క లేదు. తాడు బిగించి పట్టుకోమన్నారు, ఒకపూట కడుపు మాడ్చమన్నారు, రెండు తగిలించమన్నారు. ఒకాయనైతే కింద నన్ను ఆపి, మన ఊళ్ళలో కుక్కలు వాటంతటవే తిరిగొస్తాయి కదా, దీనికి మాత్రం తోడు మనిషెందుకని నిలదీశాడు. అందరికీ తల ఊపాను. ఇప్పుడు రాస్తున్నాను గనక చెప్తున్నాను: ఒక్కరి మాటా వినలేదు. విననందుకు నాకు ఇసుమంతైనా బాధ లేదు.

మాది ఈ పరాయిదేశంలో, యీషున్ అనే పేటలో, పై అంతస్తు ఫ్లాటు. ఇంట్లో నేను, మా ఆయన, స్కూల్లో చదువుతున్న కూతురు, మా అత్తగారు. వీధికుక్కలను చేరదీసేవాళ్ళు ఒక ఆదివారం వాటిని పెంపకానికి ఇస్తున్నారంటే, ఊరికే చూసొద్దామని అమ్మాయితో వెళ్ళాను. ఊరికే చూసి రావడం నా వల్ల అయ్యే పని కాదని మా ఆయనకు తెలుసు. అయినా పంపించాడు, అది ఆయన ఖర్మ. గోధుమరంగు, ఒక చెవి నిలబడి, ఒక చెవి మడతపడి, ఏ జాతో ఎవరూ చెప్పలేని కుక్క ఒకటి మూల కూర్చుని అందరినీ చూస్తోంది. ఫ్యాక్టరీల వెనక పొదల్లో పుట్టి పెరిగిందట. మిగతావన్నీ జనం మీదికి ఎగబడుతుంటే, వాడు మాత్రం నావైపు చూసి తల తిప్పుకున్నాడు. నాకు తెగ నచ్చాడు.

కొన్నాళ్ళు ఇంట్లో పెట్టుకుని చూడండి, సరిపడకపోతే తిరిగి ఇచ్చేయొచ్చు అన్నారు వాళ్ళు. ఆ మాట మా ఆయన బాగా గుర్తుపెట్టుకున్నాడు.

ఇంట్లో వాడితో ఏ తంటా లేదు. అరవడు, కరవడు, సోఫా ఎక్కడు. తంటా అంతా గడప దాటాకే. పొద్దున మా ఆయన వంతు. ఆయన చేతికి ఒక గడియారం ఉంది, అది చెప్పినంత వేగంగా నడవాలి, లేకపోతే దానికి కోపం వస్తుంది. "నాకూ వాకింగ్, వాడికీ వాకింగ్, ఒకే దెబ్బకి అయిపోతుంది" అనేవాడు. ఆఫీసులుండే రాఫెల్స్ ప్లేస్ వెళ్ళే రైలు కోసం జనం ఉరుకులు పరుగులుగా స్టేషన్‌కి పోతుంటే, ఆ గుంపు మధ్యలోంచి ఆయన వాణ్ణి లాక్కుపోయేవాడు. వాడు ఒక చెట్టు మొదలు వాసన చూడబోతే "పద పద" అని ఒక గుంజు గుంజేవాడు. ఇంటికొచ్చాక ఆయనకు చెమట, వాడికి దగ్గు.

సాయంత్రం నా వంతు. ఆఫీసు పని చాలావరకు ఇంటి నుంచే చేస్తాను గనక నాకు వీలయ్యేది. ఎప్పుడు తీసుకెళ్ళాలో నిర్ణయించింది మాత్రం మా అత్తగారు. దీపాల వేళకు అందరూ ఇంట్లో ఉండాలి, తలుపు తీసి ఉంచాలి, ఇల్లాలు స్నానం చేసి దేవుడి దగ్గర దీపం పెట్టాలి. ఆ వేళప్పుడు గడప దాటకూడదు. కుక్కతో అసలే దాటకూడదు. కాబట్టి ఆ లోపలే వాణ్ణి తిప్పి తెచ్చి, కాళ్ళు తుడిచి, నేను నీళ్ళు పోసుకుని సిద్ధంగా ఉండాలి. గుంటూరులో ఉండగా మా అత్తగారి ఇంట్లో ఈ ఏర్పాటుకు ఏ ఇబ్బందీ రాలేదు, ఎందుకంటే అక్కడ కుక్క లేదు. ఇక్కడ ఏడాది పొడవునా పొద్దు ఏడు దాటితే గానీ పోదు. లెక్క వెనక్కి వేసుకుంటే మా షికారు సరిగ్గా టీ వేళకు వచ్చి పడేది. ఎండ ఇంకా పెళపెళలాడుతూ ఉండేది.

వాడు లిఫ్టు దిగేవాడు. బ్లాకు కింద స్తంభాల మధ్య ఖాళీ జాగా అంతా బుద్ధిగా నడిచేవాడు. ఆ నీడ అయిపోయి కాలిబాట మొదలయ్యే చోట కూలబడేవాడు. పిలిచినా, బుజ్జగించినా, మా అత్తగారు కాగితంలో చుట్టి ఇచ్చిన గారె ముక్క చూపించినా కదిలేవాడు కాదు. గారె తినేవాడు, కదిలేవాడు కాదు. లాగితే నాలుగు అడుగులు వేసి మళ్ళీ కూలబడేవాడు. చుట్టూ జనం. పిల్లలు నవ్వేవాళ్ళు. నా తల ప్రాణం తోకకొచ్చేది. చివరికి ఇంటికొచ్చాక, చెప్పుల స్టాండు పక్కన, నిమ్మళంగా మడుగు కట్టేవాడు.

అది దేవుడి గూటికి ఎదురుగా ఉండటంతో ఇంట్లో రోజూ రాద్ధాంతమే. తర్వాత్తర్వాత తాడు చేతిలోకి తీసుకుంటేనే మంచం కిందికి దూరడం మొదలుపెట్టాడు.

"మొండిఘటం" అంది మా అత్తగారు.

"వీడు నడవడు. మనకి సెట్ కాడు" అన్నాడు మా ఆయన. "ఆదివారం వచ్చి తీసుకెళ్ళమని మెసేజ్ పెట్టేశాను."

నన్ను అడగలేదు. చెప్పాడంతే. అప్పటికి గురువారం. నా ఒళ్ళు మండిపోయింది. కానీ ఏమని వాదించను? వాడు నడవడం లేదన్నది నిజమే.

ఆ సాయంత్రమే నా చెప్పు తెగింది. నీడ అయిపోయే చోటే, వాడు కూలబడే చోటే, నేను విసురుగా అడుగేసేసరికి పట్టీ ఊడి చెప్పు వెనకే ఉండిపోయింది, కాలు పోయి కాలిబాట మీద పడింది. "అమ్మో" అని అరిచి ఎగిరి వెనక్కి దూకాను. పెనం మీద పెట్టినట్టు చురుక్కుమంది. అరికాలు పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతుంటే వాడు కూర్చున్నచోటు నుంచి నన్నే చూస్తున్నాడు. వెక్కిరించడానికి కుక్కలకు రాదంటారు. నాకు నమ్మకం లేదు.

అక్కడే నేల మీద చతికిలబడి వాడి పాదం చేతిలోకి తీసుకున్నాను. కింద నల్లటి మెత్తలు కందిపోయి ఉన్నాయి. ఒకచోట చర్మం లేచిపోయి లోపల ఎర్రగా కనిపిస్తోంది. రోజూ ఆ కాళ్ళు తుడుస్తూనే ఉన్నాం. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి, దేవుడున్న ఇల్లు కదా అని మా అత్తగారు దగ్గరుండి తుడిపించేది. ఇల్లు మైలపడకూడదని తుడిచాం తప్ప ఒక్కరమూ తిప్పి చూడలేదు. ఇంట్లో అందరమూ చెప్పులు వేసుకుని బయటికి పోయేవాళ్ళమే. చెప్పుల్లేనిది వాడికొక్కడికే. వాణ్ణి పట్టుకుని మొండిఘటం అన్నాం!

ఆ కోపంతో వాణ్ణి రెండు చేతుల మీదా ఎత్తుకున్నాను. బియ్యం బస్తా అంత బరువు. లిఫ్టు దగ్గర మా అంతస్తులోనే ఉండే హైదరాబాదీ ఆంటీ నిలబడి ఉంది. ఆవిడ నమాజు చేసుకునే మనిషి, కుక్క తగిలితే మళ్ళీ కడుక్కోవాలి. అందుకని మేము ముందుంటే ఆవిడ ఆగుతుంది, ఆవిడ ముందుంటే మేము ఆగుతాం. ఇందులో ఎవరికీ నొప్పి లేదు. ఆ రోజు ముందొచ్చింది ఆవిడే.

"అరె, ఏమైందమ్మా? కాలికి చెప్పు లేదేంది?" అంది.

"నేల కాలిపోతోంది ఆంటీ. వీడి కాళ్ళు చూడండి."

ఆవిడ దూరం నుంచే మెడ చాచి చూసి "యా అల్లా" అంది. లిఫ్టు బటన్ తనే నొక్కి పక్కకు జరిగింది. "నువ్ ముందు పో. నేను దీని తర్వాతి దాంట్ల వస్తా." కాసేపటికి చూస్తే నా తెగిన చెప్పు ప్లాస్టిక్ సంచిలో మా తలుపు గొళ్ళేనికి వేలాడుతోంది.

ఇంట్లోకి అడుగుపెడుతూనే ప్రకటించేశాను. "ఇక నుంచి వీణ్ణి పొద్దెక్కకముందు ఒకసారి, దీపాల వేళ ఒకసారి తీసుకెళ్తాను. ఆదివారం దాకా వీడి విషయంలో ఎవరూ మాట్లాడొద్దు."

"ఏందమ్మాయ్, దీపాల వేళ గడప దాటతావా? కుక్కని పట్టుకోని?" మా అత్తగారు కుర్చీలోంచి లేచి నిలబడింది. "దీపం ఎవరు పెడతారు మరి?"

"మీ అబ్బాయి పెడతాడు."

"మగాడు ఇంటి దీపం పెట్టడమేంది? అట్టా ఎక్కడన్నా ఉందా?"

"లేకపోతే మీరే పెట్టండి. మిమ్మల్ని ఎవరొద్దన్నారు?"

మామయ్యగారు పోయినప్పటి నుంచి ఆవిడ ఇంటి దీపం ముట్టుకోలేదు. వద్దని మేమెవ్వరమూ అనలేదు. కర్మలకు వచ్చిన వాళ్ళెవరో, ఇక నుంచి దీపం కోడలి చేత పెట్టించు, నీ చేత్తో వద్దు అన్నారట. ఆవిడ మారు మాట్లాడకుండా అగ్గిపెట్టె నా చేతికిచ్చేసింది. రోజూ వత్తి చేసి, నూనె పోసి, అన్నీ సిద్ధం చేసి, వెలిగించే వేళకు వెనక్కి జరిగి నిలబడేది. ఆ నిలబడటం చూసినప్పుడల్లా నాకు మంటగా ఉండేది. ఆ మంట ఇన్నేళ్ళకు కుక్క వంకతో బయటికొచ్చింది. ఆవిడ తన గదిలోకి వెళ్ళిపోయింది.

"ఎందుకలా అన్నావు?" అన్నాడు మా ఆయన, గొంతు తగ్గించి.

"ఉన్నమాటే అన్నాను" అన్నాను, తగ్గించకుండా. అన్నమాట వెనక్కి తీసుకోలేదు. ఇప్పటికీ తీసుకోను.

శుక్రవారం నుంచి నేను చెప్పులు మానేశాను. నా అరికాలు ఓర్చుకోలేని నేల మీదికి వాణ్ణి రమ్మనను, అదీ నా పంతం. వాడికి మందు రాసి, నాకు పసుపు రాసుకుని, ఇద్దరం కిందికి దిగాం. ఎండ పోయి ఆకాశం నారింజరంగు తిరుగుతోంది. నీడ అంచున వాడు అలవాటుగా ఆగాడు. ముందు నేను కాలు మోపాను. గోరువెచ్చగా ఉంది, అంతే. తాడు వదులుగా వదిలి, గుంజకుండా, పిలవకుండా ఊరుకున్నాను. వాడు ముక్కు నేలకు ఆనించాడు, ఒక పాదం పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఆ తర్వాత నన్ను దాటుకుని గడ్డిలోకి నడిచాడు.

అక్కడి నుంచి దారి వాడిదే. మా ఆయన దారి సిమెంటు బాట మీద సూటిగా పోతుంది. వాడి దారి గడ్డి మీద వంకరటింకరగా పోయి, ఒక వానచెట్టు మొదలు దగ్గర ఆగిపోతుంది. ఆ మొదలు దగ్గర వాడు చదివినంతసేపు మా వాళ్ళు పేపరు కూడా చదవరు. ఇక్కడ భోజనాలు కూడా పెట్టే కాఫీషాపు వెనక కోడి ఎముకలు పడి ఉంటాయి, గొంతులో గుచ్చుకుంటాయని అక్కడొక్కచోట మాత్రం నేను దారి మళ్ళించాను. బస్సుస్టాపు దగ్గర బస్సు బుస్సుమంటే వాడు నా కాళ్ళకు చుట్టుకున్నాడు. ధైర్యం నేర్పుతానని అక్కడ నిలబెట్టలేదు. వెనక్కి తిరిగి ఇంకో దారి పట్టాం. భయపడితే ఇంటికి పోవడం కూడా షికారులో భాగమే. వెంట తెచ్చిన నీళ్ళు నా అరచేతిలో పోస్తే తాగాడు. చెరువు పక్క గడ్డిలో ఒక గుండ్రం తిరిగి, ఇంకో గుండ్రం తిరిగి, చేయాల్సిన పని దర్జాగా చేశాడు. సంచిలోకి ఎత్తుతూ నేను ఆనందపడిన సంగతి ఎవరికీ చెప్పుకోలేను గనక ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మాయికి మాత్రం పరువు గంగలో కలిసింది. ట్యూషన్ నుంచి వస్తూ ఎదురుపడి, నా కాళ్ళవంక చూసి బిక్కచచ్చి, ఇక్కడి పిల్లల ఇంగ్లీషులో అందుకుంది.

"అమ్మా, వాట్ ఆర్ యూ డూయింగ్? పుట్ ఆన్ యువర్ స్లిప్పర్స్ లా. ఎవ్రీబడీ లుకింగ్!"

"చూడనీ. వాడి కాళ్ళు ఎవడైనా చూశాడా?"

చూసిన పెద్దమనుషులూ ఊరుకోలేదు. తోడు మనిషెందుకని నిలదీసినాయనే భార్యతో వాకింగ్ చేస్తూ ఆగి, భక్తిగా అడిగాడు. "ఏదైనా మొక్కా అమ్మా?"

"అవునండీ, మొక్కే" అన్నాను. "ఆదివారంతో తీరుతుంది."

"ఏ దేవుడికి?"

వాడు అప్పుడే ఆయన బూట్లు వాసన చూస్తున్నాడు.

ఆ రెండు సాయంత్రాలూ దీపం మా ఆయనే పెట్టాడు. మొదటిరోజు వేలు కాల్చుకున్నాడు, రెండోరోజు వత్తిని నూనెలో ముంచేసి అది ఎందుకు వెలగడం లేదని ఫోన్ చేశాడు. మా అత్తగారు పక్కనే ఉండి ఒక్కమాట సాయం చెప్పలేదట. నాతో కూడా మాట్లాడటం మానేసింది. కానీ ఉదయం వాడికి పెరుగన్నం కలుపుతూ నాకు కనబడింది, అటు తిరిగి.

ఆదివారం వచ్చింది. తీసుకెళ్ళేవాళ్ళు రాత్రి భోజనాల వేళకు వస్తామన్నారు. రెండు రోజులూ షికార్లు సాఫీగా అయ్యాయంటే మా ఆయన నమ్మలేదు. "వాడిమీద ప్రేమ కొద్దీ చెప్తున్నావు. నేనే వచ్చి చూస్తా" అన్నాడు. అమ్మాయి స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. దీపం సంగతి ఆయనకు గుర్తుందో లేదో, నేను గుర్తుచేయలేదు. బూట్లు వేసుకుని గడియారం సవరించుకుని బయల్దేరాడు. నేను వట్టికాళ్ళతో తాడు పట్టుకున్నాను. మా అత్తగారు తలుపు దాకా వచ్చి మా వంక చూసి లోపలికి వెళ్ళింది.

వాడు మంచం కింద దూరలేదు. లిఫ్టు దాకా తనే ముందు నడిచాడు. నీడ అంచు దగ్గర ఆగి నా కాలి కోసం చూశాడు, నేను మోపాక తానూ మోపాడు. మా ఆయన అది చూశాడు.

"రోజూ ఇంతేనా?" అన్నాడు.

"రోజూ ఇంతే."

వానచెట్టు దగ్గర వాడు ఆగితే ఆయన చెయ్యి అలవాటుగా తాడు మీదికి పోయింది. నేను ఆ చేతిని పక్కకు నెట్టాను. నిలబడ్డాం. నిలబడ్డాం. ఆయన గడియారం టింగుమని, వ్యాయామం ముగిసిందా అని అడిగింది. "ఇది వాకింగ్ కాదు" అన్నాడు విసుగ్గా.

"కాదు. షికారు. మీకు వాకింగ్ కావాలంటే పొద్దున పోండి, మీరూ మీ గడియారమూ."

నవ్వొచ్చినట్టుంది, ఆపుకున్నాడు. చెరువు దగ్గరికి వెళ్ళాక మావాడు గుండ్రాలు తిరగడం మొదలుపెట్టేసరికి ఆయన ఊపిరి బిగబట్టాడు. పని అయ్యాక "చేశాడే!" అని గట్టిగా అరిచాడు, కొడుక్కి ర్యాంకు వచ్చినట్టు. పక్కన చేపలు పడుతున్న చైనీస్ అంకుల్ ఉలిక్కిపడి చూశాడు.

"ఇప్పుడు మెసేజ్ పెట్టండి" అన్నాను.

"ఇంటికెళ్ళి ఆలోచిద్దాం."

ఆలోచించడమంటే ఏమిటో నాకు తెలుసు. ఆయన నోట్లో ఆ మాట వచ్చిందంటే పని వాయిదా పడి, మెత్తబడి, చివరికి ఆయన అన్నదే అయి కూర్చుంటుంది. భోజనాల వేళకు మనిషి వచ్చి నిలబడితే మొహమాటానికి తాడు చేతిలో పెట్టేస్తాడు. అందుకని నేను ఉన్నచోటే, కాలిబాట మధ్యలో, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను.

"ఏయ్, ఏంటిది? లే. అందరూ చూస్తున్నారు."

"మీరు మెసేజ్ పెట్టేదాకా లేవను."

"చిన్నపిల్లవా?"

"మొండిఘటాన్ని."

వాడు నన్నొకసారి చూసి, వచ్చి నా పక్కన కూలబడ్డాడు. ఇద్దరం కూర్చున్నాం. సైకిళ్ళవాళ్ళు బెల్లు కొట్టి చుట్టూ తిరిగి పోయారు. మా ఆయన అటు చూశాడు, ఇటు చూశాడు, తాడు పట్టుకుని లాగాలో నన్ను పట్టుకుని లాగాలో తెలియక నిలబడ్డాడు. చివరికి ఫోన్ తీశాడు. వాడు మా దగ్గరే ఉంటాడని రాసి, నాకు చూపించి, పంపించాడు. పంపినట్టు గుర్తు పడేదాకా చూసి అప్పుడు లేచాను. మోకాళ్ళు పట్టేశాయి, అది వేరే సంగతి.

తిరిగొస్తుంటే చీకటి పడింది. లిఫ్టులో ఆయనకు దీపం గుర్తొచ్చింది. "అయ్యో, అమ్మ..." అన్నాడు. నా పంతం నెగ్గింది సరే, ఆవిడ ఒక్కతే చీకట్లో దేవుడి ముందు కూర్చుని ఉంటుందేమో అనిపించింది.

వరండా మలుపు తిరగ్గానే కనబడింది. మా తలుపు బార్లా తీసి ఉంది. లోపల దేవుడి గూట్లో దీపం నిశ్చలంగా, నిండుగా వెలుగుతోంది. మా ఆయన పెట్టిన దీపాలు అలా వెలగలేదు. నేను పెట్టినవి కూడా. గడప దగ్గర మా అత్తగారు తలస్నానం చేసిన జుట్టు ముడేసుకుని నిలబడి ఉంది. ఒక చేతిలో తడిగుడ్డ. ఇంకో చేతిలో అగ్గిపెట్టె, ఇంకా పక్కన పెట్టలేదు.

మేమిద్దరం బయటే నిలబడిపోయాం. వాడొక్కడే తోక ఊపుతూ గడప దాకా వెళ్ళి ఆగాడు.

"ఏందట్టా గుడ్లప్పగించి చూస్తారు?" అంది ఆవిడ, తడిగుడ్డ నా చేతిలో పెడుతూ. "ముందు వాడి కాళ్ళు తిప్పి చూడు. తుడవటం తర్వాత."